ఒక్క పదం రాసి వదిలేసిన గడి

మా ఇంట్లో అటక మీద నీలిరంగు ఫైలు ఒకటుంది. నాలుగేళ్ల సంతాన చికిత్స కాగితాలన్నీ అందులో తేదీల వారీగా ఉన్నాయి: అండాల నిల్వ ఎంతో చెప్పే ఏఎంహెచ్, థైరాయిడ్, అండాల ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్లు, మూడుసార్లు పిండాన్ని గర్భసంచిలో పెట్టిన ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ల వివరాలు, మూడుసార్లూ నెగెటివ్‌గానే వచ్చిన, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రిపోర్టులు. మొదటి పేజీలో 'ఇతర అనారోగ్యాలు' అన్న గడిలో నా చేతిరాతతో 'థైరాయిడ్' అని మాత్రమే ఉంది. అప్పటికి రెండేళ్లుగా రోజూ పొద్దున్నే బీపీకి టెల్మిసార్టాన్ మాత్ర వేసుకుంటున్నాను, కానీ దాన్ని జబ్బుగా లెక్కపెట్టే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మకూ ఉంది, అత్తయ్యగారికీ ఉంది. కాఫీతోపాటు అదొకటి, అంతే.

ఆ సంగతి మొదట అడిగినవారు అండాలు తీసే రోజున మత్తు ఇవ్వడానికి వచ్చిన డాక్టరుగారు. మిషన్ మీద 150/96 చూసి, "బీపీ ఎప్పట్నుంచి ఉందమ్మా, ఏ మాత్ర వాడుతున్నారు?" అన్నారు. పేరు చెప్పగానే ఆవిడ రాస్తున్న కలం ఆగిపోయింది. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి మందులు గర్భంలోని బిడ్డ మూత్రపిండాలకు హాని చేయగలవనీ, గర్భం కోసం ప్రయత్నించేవారికి సాధారణంగా వాటిని ఆపి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటివి ఇస్తారనీ నాకు ఆ బల్ల మీద పడుకున్నాకే తెలిసింది. చెప్పకపోవడం నా తప్పే, కాదనను. కానీ పది రోజులపాటు రోజు విడిచి రోజు నా అండాశయాలను మిల్లీమీటర్లలో కొలిచినవారు ఒక్కసారైనా నా చేతికి బీపీ పట్టీ కట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ చికిత్సలో గుండెకు, రక్తనాళాలకు పరీక్ష పెట్టే ఘట్టం గర్భం రాకముందే ఒకటుంది. అండాలు ఎక్కువగా పెరిగినవారిలో, ముఖ్యంగా పీసీఓడీ అనే అండాశయాల హార్మోన్ సమస్య ఉన్నవారిలో, అండాలు పక్వం కావడానికి ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ తర్వాత అండాశయాలు అతిగా స్పందించి, సన్నని రక్తనాళాల గోడల నుంచి నీరు కారి పొట్టలోకి చేరుతుంది. తీవ్రమైతే ఊపిరితిత్తుల చుట్టూ కూడా చేరుతుంది. నీరు నాళాల నుంచి బయటికి పోయేకొద్దీ లోపల మిగిలిన రక్తం చిక్కబడి, గుండె వేగం పెరిగి, గడ్డలు కట్టే ప్రమాదం వస్తుంది. నాకు 23 అండాలు వచ్చాయి. మూడో రోజుకు చుడీదారు నాడా ముడి రెండంగుళాలు వదులు చేయవలసి వచ్చింది. నాలుగో రోజు తూకంలో ఒకటిన్నర కిలో పెరిగాను. అత్తయ్యగారు అజీర్తి అనుకొని వాము నీళ్లు ఇచ్చారు. నా అదృష్టం బాగుండి అది అక్కడితో తగ్గింది. మూత్రం తగ్గడం, ఆయాసం, కాలి పిక్కలో గానీ మెడలో గానీ నొప్పితో కూడిన వాపు ఉంటే మాత్రం వాము నీళ్లతో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే. గర్భం నిలిస్తే శరీరంలో తయారయ్యే హార్మోన్ హెచ్‌సీజీ ఈ స్థితిని మరింత పెంచుతుంది కాబట్టి, ఇలాంటి వారికి పిండాలను అప్పుడే లోపల పెట్టకుండా ఫ్రీజ్ చేసి, నెలో రెండు నెలలో ఆగి చూస్తారు. నాకూ అలాగే చేశారు.

ఆ విరామంలో గుండె డాక్టరుగారిని కలిసి ఈసీజీ, గుండెను స్కాన్ చేసి చూసే టూడీ ఎకో చేయించుకున్నాను. గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుందనీ, చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరంతో కవాటం సన్నబడి, ఆ సంగతే తెలియని స్త్రీలకు మొదటిసారి ఆయాసం వచ్చేది గర్భంలోనేననీ ఆయన చెప్పారు. మాత్ర మార్చారు. ఫ్రీజ్ చేసిన పిండాన్ని, గర్భసంచిని పూర్తిగా మాత్రల హార్మోన్లతో సిద్ధం చేసిన నెలలో పెడితే, సహజంగా అండం విడుదలైన నెలలో పెట్టినదానికంటే గర్భంలో బీపీ ప్రమాదం ఎక్కువగా కనిపిస్తోందన్న విషయమూ ఆయనే చెప్పారు, అది మాకు పూర్తిగా కొత్త.

2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్భై దాటిన ఒక మహిళ ఐవీఎఫ్ ద్వారా కవలలను కన్నప్పుడు మా వీధిలో అందరూ ముచ్చటగా చెప్పుకున్నారు. ఆ వయసు గుండె మీద కవలల భారం ఎంతో ఎవరూ మాట్లాడలేదు. 2021లో ఈ చికిత్సల మీద మన దేశంలో వచ్చిన చట్టం స్త్రీలకు 50 ఏళ్ల పైపరిమితి పెట్టింది. మంచిదే, కానీ ముప్పై ఆరేళ్ల నావంటి వారి బీపీని ఏ పరిమితీ పట్టుకోదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం కెనడాలోని ఒంటారియోలో 28,442 మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి, 2017లో ప్రచురించిన అధ్యయనం. చికిత్స ఫలించి బిడ్డను కన్నవారితో పోలిస్తే, ఫలించనివారిలో తర్వాతి కాలంలో గుండె, రక్తనాళాల జబ్బులు సుమారు ఐదోవంతు ఎక్కువగా కనిపించాయి. ఇంజెక్షన్లే కారణమని దీని అర్థం కాదు. గర్భం నిలవనివ్వని ఏదో లోపం, గుండెకూ చేటు చేసేదే అయి ఉండవచ్చునన్నది ఒక వివరణ, నాకది సబబుగా తోస్తుంది. కడుపు పండినవారిని ప్రసవం దాకా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు, నెలనెలా బీపీ చూస్తారు. మూడోసారి నెగెటివ్ వచ్చాక మాత్రం నాకు ఆ కేంద్రం నుంచి ఒక్క ఫోనూ రాలేదు, రావాలని నియమమూ లేదు.

ఫైలును అటకెక్కించే ముందు టూడీ ఎకో కాగితం ఒక్కటి బయటికి తీసి, మందుల డబ్బాలో పెట్టుకున్నాను. దాని వెనక ఆదివారం ఆదివారం చూసుకున్న బీపీ అంకెలు రాస్తున్నాను. నిన్నటిది 128/84.