మెల్‌బోర్న్ సందులో చెత్తడబ్బాల వెనక చిలక

మెల్‌బోర్న్ వెళ్లి, గోడబొమ్మలకి పేరుపడ్డ హోసియర్ లేన్ చూడకుండా ఎలా వస్తావని అడగనివాళ్లు లేరు. సరేనని టార్నీట్‌లో అబ్బాయి వాళ్లింటి నుంచి కోడలూ నేనూ రైలెక్కి, సదరన్ క్రాస్‌లో దిగి, ట్రామ్‌లో ఫెడరేషన్ స్క్వేర్ దాకా వెళ్లాం. రోడ్డు దాటితే సందు. నల్లరాళ్లు పరిచిన నేల, రెండు పక్కలా గోడల నిండా రంగులు, ఊరి జనమంతా అక్కడే ఉన్నారు. పెళ్లి ఫోటోలవాళ్లు ఒక మూలంతా ఆక్రమించారు.

అడ్నేట్ అనే చిత్రకారుడు వేసిన ఆదివాసీ పిల్లవాడి ముఖం చాలా ఎత్తున ఉంది. చెయ్యి అందదు కాబట్టి నిలిచింది. కింద ఒక్క బొమ్మా పూర్తిగా లేదు. ఒకరి బొమ్మ మీద ఇంకొకరు, ఆ పైన పిచ్చి గీతలు. నాకు చిరాకేసింది. 2010లో కార్పొరేషన్ పారిశుద్ధ్య సిబ్బంది ఇక్కడే ప్రపంచమంతా పేరున్న వీధి చిత్రకారుడు బ్యాంక్సీ వేసిన ఎలుక బొమ్మ మీద రంగు కొట్టేశారు. 2020లో ముసుగులేసుకున్న గుంపు మంటలార్పే సిలిండర్లలో రంగు నింపుకొచ్చి గోడలన్నీ తడిపేసింది. ‘ఇక్కడ ఎవరైనా వెయ్యొచ్చు, ఎవరైనా చెరపొచ్చు, దీని అందమే అది’ అంటుంది కోడలు. రోజులకొద్దీ కష్టపడి వేసిన పని పొద్దునకి పోతే అందులో అందమేమిటో నాకు అర్థం కాలేదు.

డిగ్రేవ్స్ స్ట్రీట్‌లో కాఫీ ఐదున్నర డాలర్లు. రెండు కప్పులకి పెట్టిన డబ్బుతో హైదరాబాద్‌లో ఇంటిల్లిపాదీ టిఫిన్ చేయొచ్చు.

అసలు చూడాల్సింది ఆ తర్వాత దొరికింది. లిటిల్ బర్క్ స్ట్రీట్ వైపు నడుస్తూ కోడలు ఒక ఇరుకు సందులోకి తిప్పింది. హోటళ్ల వెనక తలుపులు, మాడిన నూనె వాసన, తడిసిన అట్టపెట్టెలు, వరసగా చక్రాల చెత్తడబ్బాలు. ఆ డబ్బాల పైనుంచి ఒక పెద్ద చిలక తొంగి చూస్తోంది. గోడ మీద నిలువునా పోయే నీళ్లగొట్టాన్నే కొమ్మగా చేసి, దాన్ని గోళ్లతో పట్టుకున్నట్టు వేశారు. గొట్టం అతుకుల దగ్గర ఆకులు.

పాలక్రేటు బోర్లించుకుని కూర్చున్న కుర్రాడు మా మాటలు విని లేచాడు. ‘తెలుగువాళ్లా ఆంటీ? ఉండండి, కింద సగం కనపడట్లేదు’ అని రెండు డబ్బాలు గడగడలాడించుకుంటూ పక్కకి జరిపాడు. అప్పుడు కనపడింది గూడు, అందులో మూడు పిల్లలు. నరసరావుపేట అబ్బాయి, చదువుకుంటూ హోటల్లో గిన్నెలు కడుగుతున్నాడు. ఎవరు ఫోటో కోసం వచ్చినా డబ్బాలు తనే జరుపుతాడట. ‘బొమ్మ లేనప్పుడు రాత్రి చెత్త పడేయడానికి భయమేసేదాంటీ. తాగినవాళ్లు ఇక్కడే ఉండేవాళ్లు. బొమ్మ వేసినప్పుడే లైటు కూడా పెట్టారు.’

ఈ సందులు పాతకాలంలో బండ్లు వెనకనుంచి రావడానికీ, ఇళ్లలోని మలం ఎత్తుకెళ్లడానికీ వాడినవి. 2001 నుంచి నగరపాలక సంస్థ కళాకారులకి డబ్బిచ్చి ఇలాంటి సందుల్లో పనులు చేయించింది. కోవిడ్ దెబ్బ తర్వాత ఒకేసారి నలభై సందుల్లో, గోడకి చిత్రకారులనీ పాటకి సంగీతకారులనీ పెట్టి పని ఇచ్చింది. జీతం ముట్టింది, సందుకి జనం వచ్చారు. నాకు నచ్చింది ఇదే.

అక్కడ నిలబడి ఉండగా మన మక్తా గుర్తొచ్చింది. ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తాలో 2016లో స్టార్ట్ (St+art) ఇండియా అనే వీధి చిత్రకళా సంస్థ వాళ్లు గోడలకి బొమ్మలు వేయించారు. ఇక్కడిలా వెనక తలుపులు కావు, జనం కాపురముండే ఇళ్ల ముందరి గోడలు. బొమ్మ పక్కనే గుమ్మంలో కూర్చుని ఆడవాళ్లు కూర తరుగుతుంటారు. మొన్న వెళ్లినప్పుడు చాలాచోట్ల రంగు పెచ్చులూడింది. ఫ్లైఓవర్ స్తంభాలకి రంగులేయడానికి దొరికే డబ్బు, ఏళ్లపాటు ఆ గోడల్ని కాపాడుకుంటున్నవాళ్లకి ఎందుకు దొరకదని నాకు నిజంగా బాధ. మళ్లీ వేయించేటప్పుడు ఆ ఇళ్లవాళ్లనే అడిగి, వాళ్ల పిల్లల్లో చేయి తిరిగినవాళ్లకి కూలి ఇచ్చి వేయించాలి.

వెళ్లేవాళ్లు హోసియర్‌కి శనాదివారాలు పోకండి. బర్క్ స్ట్రీట్ మాల్ పక్కన యూనియన్ లేన్ చూడండి, పొద్దున్నే అయితే గోడ దగ్గర నిలబడటానికి చోటుంటుంది. ట్రామ్ నగరం మధ్యలో ఉచితమే. కాఫీ మాత్రం ఇంట్లో తాగి బయల్దేరండి.