ఎరుపు తీసేసి మెజెంటా

పరిశోధన వ్యాసం రేపు పత్రికకు పంపేద్దామని అందరమూ అనుకున్నాక, సాయంత్రం 6 గంటలకు మా గైడు సార్ ఒక్క వాక్యంతో మెయిల్ పంపారు: బొమ్మలన్నింటిలోనూ ఎరుపు తీసేసి మెజెంటా, అంటే గులాబీ ఊదా కలిసిన రంగు, పెట్టాలట. మొత్తం 7 బొమ్మలు, వాటిలో 43 ప్యానెళ్లు, అంటే విడివిడి చిత్రాలు. సారాంశాన్ని 160 పదాలకు కుదించమన్నప్పుడు గానీ, శీర్షికను ఖాళీలతో సహా 100 అక్షరాల లోపుకు తెమ్మన్నప్పుడు గానీ నేను కిక్కురుమనలేదు. కానీ కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఎరుపులో, కణం తన చెత్తను చుట్టిపెట్టే సంచులైన ఆటోఫాగోసోములు ఆకుపచ్చలో, రెండూ కలిసిన చోట పసుపు చుక్కలు, ఇలా మూడేళ్లుగా కలల్లో కూడా అవే రంగులు చూస్తున్నదాన్ని. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని పాఠకుడు ఎక్కడైనా ఉంటే పక్కవాళ్లను అడగవచ్చు కదా అని, బెంగళూరు హెబ్బాళ వంతెన మీద కదలని బస్సులో కూర్చుని సణుక్కున్నాను. ఇంటికొచ్చి అమ్మతోనూ అదే మాట అన్నాను.

అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండానే, "మీ చిన్నమావయ్య పక్కవాళ్లనే అడిగేవాడు" అంది.

గుంటూరు దగ్గర తాతయ్య మిరప చేను. కోతల రోజుల్లో పండుకాయ మాత్రమే కోసి పచ్చికాయను చెట్టుకే వదలాలి. చిన్నమావయ్య బుట్టలో మాత్రం సగం పచ్చికాయే ఉండేది. ఒళ్లు వంచడనీ, ధ్యాస ఎక్కడో ఉంటుందనీ తాతయ్య కూలీల ముందే తిట్టేవారు. ఆరేడేళ్ల నన్ను వెంటేసుకుని సాలులో నడుస్తూ, మావయ్య ఒక్కో కాయ పట్టుకుని "ఇది పండిందా అమ్మడూ?" అని గుసగుసగా అడిగేవాడు. నేను దాన్ని ఆట అనుకునేదాన్ని. నేను లేని రోజుల్లో వేళ్లతో నొక్కి, మెత్తబడిన కాయనే కోసేవాడట. నలభై దాటాక కంటి డాక్టరు చుక్కల మధ్య అంకెలు దాగిన ఇషిహారా పుస్తకం చూపిస్తే గానీ సంగతి బయటపడలేదు, అప్పటికి తాతయ్య లేరు. ఆ లోపం ఎక్స్ క్రోమోజోము మీదుగా అమ్మమ్మ నుంచి వచ్చిందని నేను కాగితం మీద గీసి చూపించాను గానీ, ఆ పాండిత్యాన్ని ఇంట్లో ఎవరూ మెచ్చలేదు.

రాత్రి 9 గంటలకు నోరు మూసుకుని, బొమ్మలు సరిచేసే ఫిజి సాఫ్ట్‌వేర్ తెరిచాను. నిజానికి మా కెమెరాకు రంగు తెలియదు. ఎంత వెలుగు పడిందో 0 నుంచి 65,535 దాకా అంకెల్లో రాసుకుంటుందంతే. ఇంతసేపూ నేను వెనకేసుకొచ్చిన ఎరుపు నేను పూసినదే.

అంతటితో ఆగినా బాగుండేది. మూల ఫైళ్లు మళ్లీ తెరిచాక చూస్తే, 4వ బొమ్మలో మందు వేయని కణాలకూ వేసిన కణాలకూ వెలుగు హద్దులు, అంటే ఏ అంకెను పూర్తి నలుపుగా, ఏ అంకెను పూర్తి వెలుగుగా చూపాలన్నవి, వేరువేరుగా ఉన్నాయి. ఎప్పుడో పరాకుగా 'ఆటో' మీట నొక్కి ఉంటాను. అది ఒక్కో చిత్రాన్నీ దాని అంకెలను బట్టి విడిగా సాగదీస్తుంది. పోల్చి చూపే చిత్రాలకు ఒకే హద్దులుండాలన్నది కొత్త విద్యార్థులకు నేనే చెప్పే పాఠం. ఒకే హద్దులు పెట్టాక తేడా మిగిలింది గానీ మునుపటిలా కళ్లకు కొట్టొచ్చినట్టు లేదు. గ్రాఫులు మూల అంకెల నుంచి లెక్కించినవే కనుక మారలేదు. అది రెండుసార్లు సరిచూసుకున్నాకే గుండె కుదుటపడింది.

సార్ మీద కోపం మాత్రం పూర్తిగా పోలేదు, ఈ మాట మొదటి ప్రతి చదివినప్పుడే చెప్పవచ్చు. పైగా మెజెంటాతో కూడా పని పూర్తి కాదని నాకిప్పుడు అనిపిస్తోంది. రెండు రంగుల ఛానెళ్లనూ విడివిడిగా నలుపు తెలుపుల్లో కూడా పక్కన పెడుతున్నాను. మసక చుక్కలు అందులోనే బాగా కనిపిస్తాయి, మావయ్యకైనా నాకైనా.

ఇప్పుడు 2 గంటలు కావస్తోంది, 29 ప్యానెళ్లు అయ్యాయి. చిత్ర వివరణల్లో 'రెడ్' అన్న చోటల్లా ఒక్క దెబ్బతో 'మెజెంటా' చేయించాను. దాంతో మైటోట్రాకర్ రెడ్ అనే రంజకం కాస్తా మైటోట్రాకర్ మెజెంటా అయి కూర్చుంది. ఇక వాటిని వెతికి ఒక్కొక్కటిగా మళ్లీ ఎరుపు చేయాలి.