చెమటోడ్చి తిను, చేతితో పెట్టు

"ఘాల్ ఖాయె కిఛు హథహు దేయ్, నానక్ రాహు పఛాణహి సేయ్."

గురు గ్రంథ సాహిబ్ 1245వ పుటలో, సారంగ రాగంలో ఉన్న గురునానక్ వాక్కు ఇది. కష్టపడి సంపాదించుకు తింటూ, అందులో కొంత తన చేత్తో ఇతరులకు పెట్టేవాళ్లకే దారి తెలుస్తుందని భావం. గోడల మీద, క్యాలెండర్ల మీద ఈ రెండు పాదాలే రాయిస్తారు. వీటికి ముందున్నవి ఎవరూ రాయించరు. ఎలా రాయిస్తారు? అక్కడ నానక్ ఎవర్నీ వదల్లేదు. జ్ఞానం లేకుండా భక్తి గీతాలు పాడేవాణ్ణి, పొట్ట గడవక ఇంటినే మసీదు చేసుకున్న ముల్లాని, పని చేతకాక చెవులు కుట్టించుకుని జోగి అయినవాణ్ణి వరసపెట్టి దులిపేశాడు. గురువునని, పీర్‌నని చెప్పుకుంటూ అడుక్కోవడానికి బయల్దేరేవాడి కాళ్లకి అసలు మొక్కొద్దన్నాడు. ఇన్ని చీవాట్లయ్యాక గానీ మన వాక్యం రాదు.

నాకు దీన్ని మొదట వినిపించింది కాలిఫోర్నియాలోని యూబా సిటీలో మా పక్కింటి పెద్దాయన. వీధంతా ఆయన్ని బాబాజీ అనే పిలిచేది. జలంధర్ దగ్గర పల్లెటూరి రైతు బిడ్డ. 1965లో అమెరికా వలస చట్టం మారాక, ముందే వచ్చి ఉన్న బంధువుల ఆసరాతో ఇక్కడికి చేరి, పీచ్ తోటల్లో కూలికి కుదిరారు.

చలికాలంలో కొమ్మలు కత్తిరించాలి. వసంతంలో పిందెలు రాల్చాలి. కొమ్మకి కొన్నే ఉంచి మిగతావి నేలపాలు చేస్తే గానీ కాయ ఊరదు. పుట్టు రైతుకి ఆ పని మహా కష్టంగా ఉండేదట. "మా ఊళ్లో వడగళ్లు ఊరికే చేసిపోయే పని, ఇక్కడ నాకు కూలిచ్చి చేయించారమ్మా" అని నవ్వేవారు. జూలై, ఆగస్టుల్లో కోత. మూడుకాళ్ల నిచ్చెన మీద నిలబడి, ఛాతీకి కట్టుకున్న సంచిలోకి కోసుకోవాలి. నిండేకొద్దీ సంచి మనిషిని ముందుకి లాగుతుంది. పండు మీది నూగు చెమటకి అంటుకుంటే మెడంతా ఒకటే దురద. అందుకే మండుటెండలో కూడా మెడకి గుడ్డ చుట్టుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకునే పనిచేసేవారట.

ఆయనకంటే ముందు తరం పడ్డ పాట్లు ఇంకా ఎక్కువ. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో ఆ అర్హత భారతీయులకి లేదని సుప్రీంకోర్టు తేల్చేసింది. మళ్లీ 1946 దాకా దారి తెరుచుకోలేదు. అప్పుడు కూడా కొత్తగా వలస రావడానికి ఏడాదికి వందమందికే అనుమతి. ఆ చట్టాలకి ముందే, 1912లోనే, స్టాక్‌టన్‌లో గురుద్వారా పెట్టుకున్నారు. దానికి పూనుకున్న జ్వాలా సింగ్, విశాఖా సింగ్ బంగాళాదుంప పండించే కౌలు రైతులు. మన దేశం నుంచి వచ్చే విద్యార్థుల చదువుకి కూడా జ్వాలా సింగ్ డబ్బిచ్చాడు. కిఛు హథహు దేయ్ అంటే ఇదే కదా. ఆ మరుసటి ఏడాది, బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటుకి పుట్టిన గదర్ పార్టీలో, అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగువాడు దరిశి చెంచయ్య గారు కూడా ఉన్నారు.

బాబాజీ ఈ చరిత్రంతా చెప్పేవారు కాదు. ఆదివారం గురుద్వారాకి వెళ్లి, అందరికీ ఉచితంగా అన్నం పెట్టే లంగర్‌లో ఎంగిలి పళ్లేలు తోమేవారు, అంతే. సొంత తోట వచ్చాక కూడా అదే పని. కొడుకులు ఆయన పేరు మీద విరాళం రాయిస్తామంటే, "రాయించండి, కానీ నా తొట్టి దగ్గరికి మాత్రం ఇంకెవర్నీ రానివ్వకండి" అన్నారట.

ఆయన పోయాక భోగ్‌కి, అంటే గ్రంథ పారాయణం ముగింపు ప్రార్థనకి, వెళ్లాను. పారాయణం పూర్తయ్యాక రామ్‌కలీ సద్ చదివారు. మూడో గురువు అమర్‌దాస్ చివరి ఘడియల్ని ఆయన మునిమనవడు బాబా సుందర్ చెప్పిన రచన అది. నా వెనక ఎవరూ ఏడవకండి, అది నాకు ఇష్టం లేదని గురువు అయినవాళ్లతో అంటాడు. తర్వాత బంధువులు లేచి మాట్లాడారు. ఎన్ని డాలర్లతో వచ్చారు, ఎన్ని ఎకరాలకి ఎదిగారు, ఎంతమందిని డాక్టర్లని చేశారు... అభిమానంతోనే చెప్పారు, అబద్ధమూ కాదు. కానీ నాకు మనసొప్పలేదు. వాక్యంలో ఎకరాలు లేవు. ఎంత సంపాదించావని నానక్ అడగలేదు. కొనుక్కున్న తోటలో నడిచిన బాబాజీకి ఒక దారి, నిచ్చెన మీద మెడ గోక్కుంటూ నిలబడ్డ కూలి బాబాజీకి మరో దారి అంటూ లేవు. ఆ రెండోవాణ్ణి అయ్యో పాపమని తలుచుకోవడం కూడా నాకు సరిగా అనిపించదు. చేసే పనే కైలాసమన్న బసవన్న అనుచరుల మాట, పాల్కురికి సోమన చదువుకున్న మనకి కొత్తేం కాదు. కాయకం (ఒళ్లొంచి చేసే పని), దాసోహం (ఉన్నది పంచిపెట్టడం) ఉన్నచోట జాలికి పనేముంది?

సిక్కు మర్యాదలో పిండాలు, శ్రాద్ధాలు లేవు. మా ఇంట్లో తద్దినాలు పెట్టి అలవాటైన మావారికి అది కొంచెం వెలితిగానే తోచింది. అందుకే ఈసారి బాబాజీ వర్ధంతికి లంగర్‌లో రొట్టెల పిండి ఖర్చు మేం పెట్టుకుంటామని ఆయన మనవడికి ఫోన్ చేశారు.

"డబ్బు హుండీలో వేసేయండి అంకుల్. ఆదివారం తెల్లవారి అయిదింటికల్లా ఇద్దరూ రండి, పిండి కలిపేవాళ్లు తక్కువగా ఉన్నారు" అన్నాడు.