మాంత్రికుడి ప్రాణం చిలకలో, కార్టూన్ ప్రాణం గొంతులో

కిందటి ఆదివారం, రాతియుగంలో నడిచే 1960ల నాటి ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ కార్టూన్‌లో ఒకే భాగాన్ని రెండుసార్లు చూశాను. మొదటిసారి శబ్దం పూర్తిగా ఆపేసి చూశాను. రెండోసారి తెరకు వీపు తిప్పి కూర్చుని విన్నాను. శబ్దం లేనప్పుడు ఇద్దరు మనుషులు ఉన్నచోట ఉండి నోళ్లు తెరుస్తూ మూస్తూ కనిపించారు. వాళ్లు పరుగెత్తినప్పుడల్లా వెనక అదే కిటికీ, అదే కుర్చీ తిరిగి తిరిగి వచ్చాయి. ఒక్కచోట కూడా నవ్వు రాలేదు. వీపు తిప్పి విన్నప్పుడు మాత్రం నాలుగైదు చోట్ల పైకే నవ్వాను. టెలివిజన్ కార్టూన్ల ఆధారంగా మనుషులు నటించిన హాస్య చిత్రాలు ఎందుకు అంత తరచుగా తేలిపోతాయన్న నా పాత అనుమానం ఆ గంటలో తీరింది. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు ఈ కార్టూన్ల ప్రాణం గొంతులో ఉంది. సినిమా తీసినవాళ్లలో ఎక్కువమంది బొమ్మను పట్టుకుని వేలాడారు.

ఇలా కావడానికి కారణం డబ్బే. ఆ కార్టూన్ తీసిన విలియం హానా, జోసెఫ్ బార్బెరా అంతకుముందు ఎం.జి.ఎం. స్టూడియోలో ‘టామ్ అండ్ జెర్రీ’ తీసినవాళ్లు. థియేటర్ల కోసం తయారైన ఆ చిన్న చిత్రాలలో మాటలు దాదాపు ఉండవు, కదలికే సర్వస్వం. వాటికి ఏడు ఆస్కార్లు కూడా వచ్చాయి. 1957లో ఆ స్టూడియో తన కార్టూన్ విభాగాన్ని మూసేయడంతో వాళ్లు టెలివిజన్‌కు వచ్చారు. టెలివిజన్ వారం వారం అరగంట బొమ్మలు అడుగుతుంది, ఇచ్చే డబ్బు మాత్రం పాత లెక్కలో చిన్న వంతు. అందుకే ఒంటిని కదలనివ్వకుండా తలను మాత్రమే, తలను కదలనివ్వకుండా నోటిని మాత్రమే మార్చి గీసే పద్ధతి పట్టారు. యోగి ఎలుగుబంటి మెడలోనూ ఫ్రెడ్ ఫ్లింట్‌స్టోన్ మెడలోనూ టై ఎందుకు ఉంటుందో చిన్నప్పుడు నేను ఎన్నడూ అడగలేదు. తల ఒక షీటు మీద, ఒళ్లు మరో షీటు మీద ఉంటాయి కాబట్టి రెండూ కలిసే చోట అతుకు కనపడకుండా కప్పడానికే ఆ కాలరు, ఆ టై. బొమ్మలో తగ్గిన చలనాన్ని డాస్ బట్లర్, మెల్ బ్లాంక్, ఆలన్ రీడ్ వంటి రేడియోలో ఆరితేరిన గొంతులు భర్తీ చేశాయి. బగ్స్ బన్నీ కార్టూన్లు తీసిన చక్ జోన్స్ ఈ తరహా కార్టూన్లను బొమ్మలున్న రేడియో అని ఈసడించారు. ఆయన తిట్టుగా అన్నా, అంతకంటే కచ్చితమైన వర్ణన నాకు మరెక్కడా దొరకలేదు.

1994లో వచ్చిన ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ సినిమాలో ఆ టై మళ్లీ కనిపిస్తుంది. బ్రయాన్ లెవాంట్ దర్శకత్వంలో, స్పీల్‌బర్గ్ సంస్థ ఆంబ్లిన్ నిర్మాణంలో, కాలిఫోర్నియాలోని వాస్క్వెజ్ రాళ్ల దగ్గర కార్టూన్‌లోని బెడ్‌రాక్ ఊరిని నిజంగానే కట్టారు. జిమ్ హెన్సన్ సంస్థ ఆడించే బొమ్మలు, కంప్యూటర్ గ్రాఫిక్స్ కలిపి ఫ్రెడ్ పెంపుడు డైనోసార్ డైనోను నిలబెట్టారు. రాతి కుర్చీ, రాతి కారు, ఎముక జడపిన్ను దాకా అన్నీ గీతకు గీత సరిపోయాయి. అతుకే లేని మెడకు అతుకు కప్పే టై కట్టినట్టు, కార్టూన్‌లో అవసరం కోసం పుట్టినదాన్ని సినిమా అలంకారంగా మోసింది. ఆ కార్టూన్‌లో ప్రతి చమత్కారం వెనకా వినిపించే రికార్డు నవ్వు సినిమాలో లేదు. అది ఉండాల్సిన చోట ఒక ఖాళీ మిగిలింది, ఆ ఖాళీలో సెట్టును మెచ్చుకుంటూ కూర్చోవాలి.

అయినా ఆ సినిమాను పూర్తిగా తీసిపారేయలేను, కారణం ఫ్రెడ్‌గా నటించిన జాన్ గుడ్‌మన్. అసలు ఫ్లింట్‌స్టోన్స్ కథే 1950ల నాటి ‘ది హనీమూనర్స్’ అనే టెలివిజన్ హాస్య ధారావాహిక అచ్చులో పోసినది. జాకీ గ్లీసన్ నటించిన ఆ లావుపాటి కోపిష్టి మొగుడే రాతియుగంలోకి వెళ్లి ఫ్రెడ్ అయ్యాడు. అంటే మనిషి నుంచి బొమ్మగా మారినదాన్ని గుడ్‌మన్ తిరిగి మనిషిని చేశాడు. ఆయన పొట్టలోంచి తీసి అరిచే అరుపు కృతకంగా అనిపించదు. వచ్చిన చిక్కల్లా కథతోనే. కంపెనీ సొమ్ము కాజేయడం, ఉద్యోగులను తొలగించడం, అధికారి కుట్ర అన్నవి ఇరవై అయిదు నిమిషాల సరుకును గంటన్నరకు సాగదీయడానికి తెచ్చిపెట్టుకున్నవి. ఆ స్క్రిప్టు మీద ముప్పైమందికి పైగా రచయితలు చెయ్యి చేసుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. పదిమంది చేరితే పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు. విమర్శకులు పెదవి విరిచినా, 4.6 కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమా ప్రపంచమంతా కలిపి 34 కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది. ఆ తర్వాత పదేళ్లపాటు పాత కార్టూన్ల మీద హాలీవుడ్ ఎగబడడానికి ఈ అంకె కంటే పెద్ద కారణం వెతకనక్కరలేదు.

వాటిలో నన్ను బాగా నొప్పించినది 1999 నాటి ‘ఇన్‌స్పెక్టర్ గాడ్జెట్’. 1983లో మొదలైన ఆ కార్టూన్‌లో హాస్యమంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: ఒంటినిండా యంత్రాలున్న డిటెక్టివ్‌కు ఏమీ తెలియదు, కేసు తేల్చేది మేనకోడలు పెన్నీ, కుక్క బ్రెయిన్, పేరు మాత్రం ఆయనకు వస్తుంది. ప్రతినాయకుడు డాక్టర్ క్లా ముఖం ఎన్నడూ కనపడదు. లోహపు చేతి తొడుగు, దాని పక్కన పిల్లి, గొంతు చీరుకుపోయినట్టున్న మాట, అంతే. సినిమా ఈ రెండింటినీ తిరగేసింది. గాడ్జెట్‌కు ఒక పూర్వకథ, ఒక గాయం, ఒక ప్రేమ ఇచ్చి నిజమైన వీరుణ్ణి చేసింది. పెన్నీని పక్కకు నెట్టింది. క్లా పాత్రను రూపర్ట్ ఎవరెట్‌కు ఇచ్చి ముఖం మీద దీపాలు వేసింది. ముఖం లేని గొంతు భయపెడుతూ నవ్వించేది. ముఖం వచ్చాక మరో సూటు వేసుకున్న దుర్మార్గుడు మిగిలాడు. కార్టూన్‌లో గాడ్జెట్‌కు గొంతునిచ్చిన డాన్ ఆడమ్స్‌ను ఈ సినిమాలో కుక్కకు, అదీ చివర్లో కాసేపు, మాట్లాడించారు. ఆ కాసేపట్లో వినిపించిన పాత గొంతే ఆ చిత్రంలో నాకు గుర్తున్న మంచి విషయం.

లెస్లీ నీల్సన్ నటించిన ‘మిస్టర్ మగూ’ గురించి ఎక్కువ చెప్పను. చూపు ఆనని ముసలాయన గీతగా ఉన్నప్పుడు ఆయనకేమీ కాదని మనకు తెలుసు. డెబ్భై ఏళ్లు దాటిన నటుడు అదే పని చేస్తుంటే ఎక్కడ పడతాడోనని భయం వేస్తుంది. చూపు తక్కువైనవారిని కించపరచడం మా ఉద్దేశం కాదని సినిమా చివర్లో ఒక ప్రకటన కూడా వేసుకోవలసి వచ్చింది.

దెబ్బ తగిలితే నొప్పి పుట్టే లోకంలో కార్టూన్ దెబ్బను ఎలా నవ్వించాలన్న ప్రశ్నకు నాకు తెలిసి అందరికంటే తెలివైన జవాబు చెప్పినది 1997 నాటి ‘జార్జ్ ఆఫ్ ది జంగిల్’. జే వార్డ్ 1967లో తీసిన ఆ కార్టూన్ 17 భాగాలే. ఊడ పట్టుకుని ఊగుతూ వచ్చి చెట్టుకు గుద్దుకునే వీరుడు, చెట్టుంది చూసుకోమని ముందే హెచ్చరించే పాట, వీటికి మించి అందులో పెద్దగా ఏమీ లేదు. సినిమాలో బ్రెండన్ ఫ్రేజర్ ఊగి వచ్చి చెట్టుకు కొట్టుకున్నప్పుడు ఆ శరీరం నిజంగా బరువైనది, మానూ గట్టిదే. కానీ ఆయన ముఖంలో నొప్పి రాదు. ఈ చెట్టు ఇక్కడికి ఎప్పుడొచ్చిందన్న ఆశ్చర్యం వస్తుంది. అంతకంటే ముఖ్యంగా ఈ సినిమా వ్యాఖ్యాతను వదులుకోలేదు. తాళ్ల వంతెన మీద నుంచి ఒక కూలీ లోయలోకి పడిపోగానే, ఈ కథలో ఎవరూ చావరనీ, పెద్ద పెద్ద దెబ్బలు తగులుతాయంతేననీ వ్యాఖ్యాత గొంతు అభయమిస్తుంది. ఆ ఒక్క వాక్యంతో లోయ మళ్లీ గీతల లోయ అయిపోతుంది. ఆ తర్వాత అదే వ్యాఖ్యాతతో తెరమీది దుండగులు తలెత్తి గొడవ పెట్టుకుంటారు, ఆయనా తగ్గడు. జాన్ క్లీస్ గొంతుతో చదువుకున్న పెద్దమనిషిలా మాట్లాడే గొరిల్లా ఉండనే ఉంది. 2003లో వేరే నటుడితో దీని రెండో భాగం వీడియోగా వచ్చినప్పుడు, ఫ్రేజర్‌కు డబ్బివ్వలేని పిసినారి స్టూడియో అని ఆ కొత్త జార్జ్ చేతే చెప్పించారు. ఆ సినిమాలో బాగున్న జోకు అదొక్కటే.

అదే జే వార్డ్ సంస్థ సృష్టించిన ‘రాకీ అండ్ బుల్‌వింకిల్’ను 2000లో రాబర్ట్ డి నీరో స్వయంగా నిర్మించి, ప్రతినాయకుడిగా నటించి కూడా గట్టెక్కించలేకపోయారు. 7.6 కోట్ల డాలర్ల ఖర్చులో సగమైనా తిరిగి రాలేదు. నా లెక్క ప్రకారం ఇది ఆడాలి, ఎందుకంటే ఉడుత రాకీకి నాలుగు దశాబ్దాల కిందట గొంతునిచ్చిన జూన్ ఫోరేయే మళ్లీ ఇచ్చారు. అయితే ఆ కార్టూన్‌లోని శ్లేషలు ఊపిరాడనంత వేగంగా పడితేనే పండుతాయి. మనుషులు నడిచి వచ్చి, నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని చెప్పేసరికి అవి చల్లారిపోయాయి. గొంతు ఒక్కటే చాలదు, దానికి తగిన పరుగు కూడా కావాలని ఇక్కడ ఒప్పుకోక తప్పదు.

ఇక 2002 నాటి ‘స్కూబీ-డూ’. రాజా గోస్నెల్ దర్శకత్వం, జేమ్స్ గన్ రచన, ఆస్ట్రేలియాలో చిత్రీకరణ. 1969లో మొదలైన కార్టూన్‌లో దయ్యం ముసుగు లాగితే లోపల ఎప్పుడూ ఒక ఆశపోతు మనిషి ఉండేవాడు. సినిమా నిజం దయ్యాలను తెచ్చి, మనిషి ముసుగు కింద కుక్కపిల్ల స్క్రాపీని కూర్చోబెట్టింది. నాకు ఆ మెలిక నచ్చింది, కంప్యూటర్‌లో తయారైన కుక్క స్కూబీ నచ్చలేదు. దాని కళ్లు ఎప్పుడూ ఎదుటి మనిషికి బెత్తెడు పక్కకు చూస్తున్నట్టుంటాయి. అలాంటి కుక్క సెట్టులో లేనే లేదు కాబట్టి దాని నేస్తం షాగీగా నటించిన మాథ్యూ లిల్లార్డ్ ఖాళీ గాలిని కౌగిలించుకుని భయపడాలి, గాలితోనే పోట్లాడాలి. భుజాలు వంచి, మోకాళ్లు వదులు చేసి, మాట మధ్యలో గొంతు పగిలి పైకి జారేటట్టు పలుకుతూ ఆయన ఆ పని చేసిన తీరు చూస్తే పక్కన కుక్క ఉందని నమ్ముతాం, తెరమీద ఉన్న కుక్కను నమ్మకపోయినా. కార్టూన్‌లో మొదటినుంచీ షాగీకి గొంతునిచ్చిన కేసీ కేసమ్ 2009లో ఆ పాత్ర నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత వచ్చిన చాలా కొత్త కార్టూన్లలో షాగీగా మాట్లాడుతున్నది లిల్లార్డే. ఆదివారం సాయంత్రం వాటిలో ఒకదాన్ని కూడా తెరకు వీపు తిప్పి విన్నాను. గొంతు మారిందన్న సంగతి తెలిసి కూడా, ఎదురుగా ఉన్నది బొమ్మో మనిషో చాలాసేపు తేల్చుకోలేకపోయాను.