పొలం నా పేరు మీదికి వచ్చిన తీరు

హెచ్‌ఐవీ ఉండి, భర్త పోయి, అత్తగారింట్లోంచి వచ్చేయాల్సి వచ్చిన ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దేశంలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ మొదటినుంచీ ఉంది కాబట్టి నాలాంటివాళ్లు ప్రతి మండలంలోనూ ఉంటారు. మాది పల్నాడు వైపు. ఊరి పేరు రాయను.

నాకు జబ్బు ఉందని 2015లో తెలిసింది, కడుపుతో ఉన్నప్పుడు. గర్భిణులందరికీ చేసే రక్తపరీక్షల్లో బయటపడింది. ఆడదానికి అన్యాయం ఇక్కడే మొదలవుతుంది. బోరుబండి మీద ఊళ్లు తిరిగే మా ఆయనకి ఎవరూ పరీక్ష చేయలేదు. కడుపుతో ఉన్నదాన్ని కాబట్టి ముందు నాకు చేశారు. ముందు ఎవరికి తెలిస్తే వాళ్లే తెచ్చారని ఊరి లెక్క. "ఇది కాలుపెట్టాకే మా ఇంటికి ఈ పీడ పట్టింది" అని మా అత్త వీధిలో నిలబడి అంది. ఆసుపత్రిలో హెచ్‌ఐవీ వాళ్లకి సలహాలిచ్చే కౌన్సిలర్ మేడమ్ ఎంత నచ్చజెప్పినా ఆయన పరీక్షకి రాలేదు. చివరికి వచ్చేసరికి టీబీ ముదిరింది, ఒంట్లో రోగనిరోధక శక్తిని చూపించే సీడీ4 కణాల లెక్క బాగా పడిపోయింది. 2019లో పోయాడు.

వైద్యం వరకు నాకు ఏ లోటూ జరగలేదు, ఆ మాట చెప్పాలి. అప్పటికే గర్భిణికి హెచ్‌ఐవీ ఉందని తేలితే సీడీ4 ఎంతున్నా వెంటనే మందులు మొదలుపెట్టి జీవితాంతం ఇచ్చే పద్ధతి వచ్చేసింది. మందే లేకపోతే 100 మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి తల్లి నుంచి సోకవచ్చట. తల్లి సరిగ్గా వాడితే 5 కంటే తక్కువ. మా పాపకి ఆరు వారాలు నెవిరపిన్ సిరప్ పోశాం. మడమ మీద గుచ్చి, రక్తపు చుక్కలు అట్టముక్క మీద ఆరబెట్టి పరీక్షకి పంపారు. పద్దెనిమిది నెలలకి చేసిన ఆఖరి పరీక్షలోనూ జబ్బు లేదని వచ్చింది.

ఆయన పోయాక నా కంచం వేరైంది, పడక వసారాలోకి మారింది. కొన్నాళ్లకి పాపని తీసుకుని అన్నయ్య ఇంటికి వచ్చేశాను. వదినకి నా జబ్బు సంగతి తెలియదు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ మాత్రల సీసా కాస్త కదిపితే చాలు, గలగలమంటుంది. మూత తీసి లోపల దూది కుక్కి, చీర మడతల్లో దాచేదాన్ని. ఇంటికి చుట్టాలు వచ్చి ఆ గదిలో పడుకుంటే ఆ రాత్రికి మాత్ర లేనట్టే. అదే ఏడాది నా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, 1000 దాటింది. అప్పుడు కౌన్సిలర్ మేడమ్ "మాత్రలు ఎందుకు మానేశావు" అని అడగలేదు. "రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటున్నావమ్మా?" అని అడిగింది. మా ఆయన పొలంలో వాటా అడగమని నన్ను న్యాయ సేవాధికార సంస్థకి పంపించింది ఆవిడే.

ఆడవాళ్లయితే ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు. 1987 చట్టంలోనే ఉంది. నాకు ఇచ్చిన లాయరమ్మ ముందు కాగితాలు అడిగింది. మరణ ధ్రువపత్రం ఉంది. పొలం పాస్‌పుస్తకం మా బావగారి బీరువాలో ఉంది. అది లేకపోయినా పర్వాలేదంది. మీసేవలో పొలం రికార్డులైన 1-బి, అడంగల్ నకళ్లు తీసుకున్నాను. నన్ను బాగా తిప్పింది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. "మీ అత్త సంతకం కావాలి" అని వెనక్కి పంపేవాళ్లు. లాయరమ్మ రాసిచ్చిన అర్జీ పెట్టి, రసీదు అడిగి తీసుకున్నాకే ఫైలు కదిలింది. రసీదు లేకుండా ఏ కాగితమూ ఇవ్వకండి.

"పిటిషన్‌లో జబ్బు ఊసే వద్దమ్మా, వాటా అడగడానికి నువ్వు ఆయన భార్యవి, అది చాలు" అంది లాయరమ్మ. ఒకవేళ కోర్టులో ఆ విషయం వచ్చినా, 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం అసలు పేరు బయటపెట్టకుండా మారుపేరుతో విచారణ జరపమని అడగొచ్చు. ఈ సంగతి తెలియకే చాలామంది కోర్టు గడప తొక్కడానికి భయపడతారు.

మా కేసు ఇరువర్గాలకీ రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కి వెళ్లింది. కోర్టు ఫీజు లేదు. మా బావగారు అందరి ముందూ "రోగిష్టిదానికి పొలమెందుకు?" అన్నాడు. నేను తల దించుకోలేదు, కానీ చేతులు వణికాయి. లాయరమ్మ గొంతు పెంచకుండా 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చదివింది. రోగం ఉందనో, అంగవైకల్యం ఉందనో ఎవరికీ వారసత్వం కాదనడానికి వీల్లేదని అందులో ఉంది. ఈ జబ్బు లోకానికి తెలియని రోజుల్లోనే రాసిపెట్టిన మాట! అది విన్నాక బావగారు ఇంకేమీ అనలేదు.

మా ఆయన పేరున ఉన్నది ఎకరం ఇరవై సెంట్లు. వారసులు ముగ్గురు: నేను, పాప, మా అత్త. తలా నలభై సెంట్లు. నిజానికి బావగారికి అందులో హక్కే లేదు. అత్త వాటా కూడా రాయించుకోమని మావాళ్లు కొందరు పోరారు. నేను ఒప్పుకోలేదు, కొడుకు పోయిన తల్లి ఆవిడ. డొంక వైపు ఎనభై సెంట్లు మాకు ఇస్తామని రాజీ కుదిరింది. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. రికార్డుల్లో పేరు మార్పించే మ్యుటేషన్‌కి మాత్రం మళ్లీ తిరగాల్సి వచ్చింది. పాప వాటాకి సంరక్షకురాలిగా నా పేరు ఎక్కింది. కోర్టు అనుమతి లేకుండా ఆ భాగం నేనైనా అమ్మడానికి లేదు. ఆ నిబంధన ఉన్నందుకు నాకు సంతోషం.

పొలం మిర్చికి కౌలుకిచ్చాను. ఆ డబ్బుతో, కుట్టుపని డబ్బుతో గది అద్దెకు తీసుకున్నాం. మాత్రల సీసా అలమరలో ఎదురుగానే ఉంటుంది. మందు కూడా మారింది, ఇప్పుడిచ్చే డోలుటెగ్రావిర్ మాత్రతో రాత్రిళ్లు కళ్లు తిరగడం లేదు. వైరల్ లోడ్ పరీక్షలో కనిపించనంతగా తగ్గింది. అలా ఉన్నంతకాలం నా నుంచి ఇంకొకరికి శారీరక సంబంధం వల్ల సోకదని డాక్టరు చెప్పారు.

ఇంకొక్క మాట. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు మిగతావాళ్లకంటే ఆరు రెట్లు ఎక్కువ. ఏఆర్‌టీ సెంటర్లో ఎవరూ చెప్పకపోయినా మీరే అడిగి పరీక్ష చేయించుకోండి, పెద్దగా నొప్పి ఉండదు. జబ్బు గురించి సందేహాలుంటే 1097కి, లాయరు కావాలంటే 15100కి ఫోన్ చేయండి, రెండూ ఉచితమే. వెళ్లేటప్పుడు ఆధార్, మరణ ధ్రువపత్రం, పెళ్లికి రుజువుగా రేషన్ కార్డో ఫొటోనో పట్టుకెళ్తే మొదటిరోజే అర్జీ తీసుకుంటారు.