చలికాలంలో వాన, వేసవిలో వరి

కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో స్థిరపడిన మా చెల్లెలితో కలిసి ఫాల్గుణ మాసంలో కొండవీడు కోటకు వెళ్లాను. గుంటూరు నుండి ఫిరంగిపురం మీదుగా సాగి ఘాట్‌రోడ్డు ఎక్కేసరికి సీతాఫలం చెట్లు చాలావరకు ఆకు రాల్చి మోడులై కనిపించాయి.

“అక్కా, మా దగ్గర ఈ నెలల్లో కొండలన్నీ పచ్చగా ఉంటాయి, జూన్ వచ్చేసరికే ఎండుగడ్డి రంగుకు తిరుగుతాయి” అన్నది చెల్లెలు.

మనకు నైరుతి రుతుపవనాలతో వేడిలోనే వాన వస్తుంది. చెల్లెలి ఊళ్లో ఉండే మధ్యధరా తరహా వాతావరణంలో ఆ రెండూ విడిపోతాయి. వేసవిలో సముద్రం మీది అధికపీడన ప్రాంతం ధ్రువం వైపు జరిగి వానను అడ్డుకుంటుంది. చలికాలంలో అది వెనక్కు తగ్గగానే పడమటి గాలులు మేఘాలను మోసుకువస్తాయి. మధ్యధరా తీరం, కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికాలోని కేప్, ఆస్ట్రేలియా దక్షిణ, నైరుతి భాగాలు ఈ కోవలోనివి.

నేల తడిగా ఉన్నప్పుడు చలి, వెచ్చబడేసరికి తడి ఉండదు గనుక అక్కడి మొక్కలు ఎదగడానికి చిక్కేది ముఖ్యంగా వసంతమే. ఆ కొద్దికాలాన్ని ఏటా కొత్త ఆకులు తొడగడానికే వెచ్చించకుండా, చాలా పొదలు తోలులాంటి మందపాటి చిన్న ఆకులను వేసవిలోనూ నిలుపుకుంటాయి. కాలిఫోర్నియాలోని మాంజనీటా అనే పొద తన ఆకులను నిలువుగా నిలబెట్టి నడిమింటి ఎండ నేరుగా తగలకుండా చూసుకుంటుంది. చమీస్ పొద కార్చిచ్చులో కాలిపోయినా మొదలు దగ్గరి బుడిపె నుండి మళ్లీ చిగురిస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చినది కాలిఫోర్నియా బక్‌ఐ చెట్టు; నడివేసవికల్లా ఆకు రాల్చేసి, మన సీతాఫలంలాగే కరువు నెలలను మోడుగా దాటుతుంది.

ముత్యాలమ్మ చెరువు గట్టున మాట నీళ్ల మీదికి మళ్లింది. రెడ్డిరాజుల కోటకు వానాకాలపు నీటిని దాచి ఇచ్చినవి ఈ కొండమీది చెరువులే. చెల్లెలి ఊరి పరిసరాల్లో చలికాలపు నీరు కొంత సియెరా నెవాడా పర్వతాల మీద మంచుగాను, కొంత 1945లో పూర్తయిన శాస్టా వంటి ఆనకట్టల వెనుకా నిలుస్తుంది. అలా దాచిన నీటితోనే, చినుకైనా అరుదైన వేసవిలో శాక్రమెంటో లోయ రైతులు వరి పండిస్తారు. నానబెట్టిన విత్తనాలను నీళ్లు నిలిపిన మడుల మీద విమానంతో చల్లుతారు. రుతుపవనాల వరిని చూస్తూ పెరిగిన నాకు ఇది ఎంతో అబ్బురం. అయితే దాచిన నీరు తగ్గితే మరో దారి లేదు: 2022 కరువులో ఆ లోయలో వరి భూములు దాదాపు సగం బీడుగా మిగిలాయి. సాగర్ నిండని ఏడు మన కుడికాలువ ఆయకట్టు రైతు పడే కష్టమూ ఇదే.