రూడర్ అంటే రడ్డర్ కాదు

విమానం మాన్యువల్లో ఒక పట్టిక పైన ‘రూడర్’ల కదలికలు అని జర్మన్‌లో ఉంది. నేను ఇంగ్లీషులో ‘రడ్డర్ కదలికలు’ అని దించేశాను. మ్యూనిక్ దగ్గర పాత విమానాలు బాగుచేసే వర్క్‌షాపులో అనువాదకుడిగా అది నాకు రెండో నెల. పెద్ద మెకానిక్ కాగితం చూసి, ‘పైకి ఇన్ని డిగ్రీలు, కిందికి ఇన్ని అని ఉంది కదా. రడ్డర్ తిరిగేది పక్కలకే, పైకీ కిందికీ ఎలా వెళ్తుంది?’ అని నెమ్మదిగా అడిగాడు. తల కొట్టేసినట్టయింది. ఆ అంకెల ప్రకారమే తోకనీ రెక్కనీ సరిచేస్తారు. అక్కడ పదం తప్పితే ప్రాణాల మీదికొస్తుంది.

ఆయన నన్ను యుంకర్స్ యూ 52 అనే పాత జర్మన్ విమానం తోక దగ్గరికి తీసుకెళ్ళాడు. గాడులు గాడులుగా ఉన్న రేకు, చలికి చెయ్యి జివ్వుమంది. ముందున్న కదలని పలక ‘ఫ్లోస్సె’, అంటే చేప రెక్క. దాని వెనక కీళ్ళ మీద ఊగేది ‘రూడర్’. ముక్కును ఎత్తి దించే ఎలివేటర్ హోయెన్‌రూడర్. రెక్క వెనక అంచున ఉండి విమానాన్ని పక్కకు ఒరిగించే ఐలెరాన్ క్వేర్‌రూడర్. ముక్కును పక్కకు తిప్పే జైటెన్‌రూడర్ ఒక్కటే ఇంగ్లీషువాళ్ళ రడ్డర్. జర్మన్‌లో పడవ తెడ్డు కూడా రూడరే.

నాన్న కోటిపల్లి రేవులో పంటు సరంగు. ఆ రాత్రి ఫోన్లో చెప్తే, ‘మాకు ఒక్క చుక్కానితోనే సరిపోయేది కదరా, దానికి మూడా!’ అన్నాడు.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం ‘ఫ్లెట్నర్’. వాక్యం మధ్యలో ఆ మాట కనబడితే ఎవరో ఇంజనీరు పేరనుకున్నాను. పేరే, కానీ అక్కడ మనిషి కాదు. నిలువు స్తంభాల్లాంటి రోటర్లతో 1924లో బుకావు ఓడను నడిపించిన ఆంటోన్ ఫ్లెట్నర్ కనిపెట్టిన చిన్న పలక అది. పెద్ద రూడర్ వెనక అంచున ఉంటుంది. దాన్ని ఒకవైపు వంచితే, గాలే పెద్ద పలకను రెండోవైపుకి నెడుతుంది. పైలట్ చేతులకు బరువు తగ్గుతుంది.

ఇది చెప్పినప్పుడు నాన్న కాసేపు మాట్లాడలేదు. ఎదురు నీటిలో చుక్కాని పట్టి కాయలు కాసిన చేతులు ఆయనవి. ‘మాకూ ఉంటే బాగుండేదిరా, అలాంటి పిల్ల చుక్కాని’ అన్నాడు.

అనువాదంలో ‘సర్వో ట్యాబ్’ అనే రాశాను. నా నోటుపుస్తకంలో మాత్రం ఫ్లెట్నర్ పక్కన పిల్ల చుక్కాని అని ఉంది.